ఒక తీగ – పలు యంత్రములు

గృహమునకు అంతర్జాలపు తీగ సాధారణముగా ఒకటియే వచ్చును. ఆ యింట కంప్యూటర్లు రెండో మూడో యుండును; ఫోనుల మాట చెప్పనక్కర లేదు. ఇన్ని యంత్రములును ఒక్క తీగతో నెట్లు పని జరుపుకొనుచున్నవో విచారింతము.

2022 వరకు విశాఖపట్టణము జిల్లాలోనిదై, పిదప అనకాపల్లి జిల్లాలో చేరిన మన చోడవరము వంటి యూళ్లకు గాజుతీగ వచ్చి యెంతో కాలము కాలేదు. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, విద్యుత్ స్తంభముల మీదుగా తీగలు లాగి, నెలకు 149 రూపాయలకు సెకనుకు 15 మెగాబిట్ల వేగము నొసగ సంకల్పించెను.

అంతర్జాలమున మెలగు యంత్రమునకు ఒక చిరునామా సంఖ్య కావలెను. పాత పద్ధతిలో నట్టి సంఖ్యలు సుమారు 429 కోట్లు మాత్రమే. లోకములోని యంత్రముల కవి చాలవు. కావున 1994లో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అను నిరువురు ఒక యుపాయమును ప్రకటించిరి. దానిని మన వసతిగృహముతో పోల్చి చెప్పెదము. బాలురు వ్రాసిన యుత్తరములన్నియు వార్డెను గారి చేతికి పోవును. ఆయన ప్రతి కవరు మీదను వసతిగృహపు చిరునామానే వ్రాసి, ప్రక్కనొక గురుతు సంఖ్య వేసి, ఆ సంఖ్య యే బాలునిదో పుస్తకమున నెక్కించుకొనును. జవాబు ఆ సంఖ్యతోనే తిరిగివచ్చును. పుస్తకము చూచి బాలున కిచ్చును. ఇంటిలోని రౌటరు చేయునది సరిగా నిదియే. లోపలి యంత్రములకు తరచుగా 192.168తో మొదలగు సంఖ్యలుండును. అవి గడప దాటవు. రౌటరులు విరివిగా లేని దినములలో, 1999లో వచ్చిన విండోస్ 98 రెండవ కూర్పు ఈ వార్డెను పనిని ఒక కంప్యూటరునకే యప్పగింప వీలు కలిగించెను. అయితే అది నిద్రించిన యెడల ఇంటిల్లిపాదికిని జాలము లేదు!

ఇక తలిదండ్రులు గమనింపవలసిన విషయము వేఱొకటి గలదు. చిరునామాను పంచుకొన్నను వేగము పెరుగదు. చెరకు మళ్లకు కాలువ నీరు పారించు రైతునకు ఇది క్రొత్త మాట కాదు. 15 మెగాబిట్ల తీగపై రెండు గిగాబైట్ల చలనచిత్రమును దింపుటకు ఇంచుమించు 18 నిమిషములు పట్టును. అంతసేపును అన్నగారు తీగనంతయు నాక్రమించిన యెడల, ప్రక్కగదిలో పాఠము వినుచున్న చెల్లెలికి ఉపాధ్యాయుని మాట తునాతునుకలై వినవచ్చును. చిత్రము ఆలస్యమైనను పాడుగాదు. పాఠము ఆగిన మరల రాదు. 2020లో పాఠశాలలు మూతపడినప్పుడు ఇట్టి చిక్కు లెన్నియో యిండ్ల గలిగెను. పెద్ద దింపుళ్లు రాత్రికి ఉంచుట సులభోపాయము. కొన్ని రౌటరులలో ఒక్కొక్క యంత్రమునకు ఇంత వేగమని హద్దు పెట్టవచ్చును.

రౌటరును మూలగదిలో బీరువా వెనుక దాచుట మా దృష్టిలో పెద్ద పొరపాటు. ఇంటి నడుమ, ఎత్తున నుంచవలెను. మందపు గోడలు తరంగముల బలమును తగ్గించును. కదలని కంప్యూటరునకు తీగయే మేలు.

సంకేతపదమును వీధివారి కందఱకు చెప్పుట ఔదార్యమని కొందఱు తలంతురు. వెలుపలి లోకమునకు కనబడునది ఇంటి చిరునామా యొక్కటియే గదా! ఎవరు దుష్కార్యము చేసినను విచారణ తొలుత ఇంటి యజమానుని గుమ్మమునకే వచ్చును. అతిథులకు వేఱు సంకేతపదము నిచ్చు సదుపాయము చాల రౌటరులలో గలదు.