జ్వరం తగ్గినా దగ్గు తగ్గనప్పుడు

ఆంధ్ర సరిహద్దున ఉన్న పావగడ తాలూకా నుండి బెంగళూరుకు బ్రతుకుతెరువు కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు అనేకం. ఇరుకు గదుల్లో ఒకరికి జలుబు, జ్వరం సోకితే ఇంటిల్లిపాదికీ సోకుతుంది. జ్వరం వారంలోపే తగ్గినా దగ్గు మాత్రం చాలామందిని వదలదు.

అందుకు కారణం సాధారణంగా భయపడవలసినది కాదు. వైరస్ తొలగిపోయినా శ్వాసనాళాల లోపలి పొర దెబ్బతినే ఉంటుంది. అది మళ్ళీ కుదుటపడేవరకు చల్లగాలి, వాహనాల పొగ, సిమెంటు దుమ్ము, చివరకు అగరుబత్తి పొగ కూడా దగ్గును రేపుతాయి. ఇట్టి దగ్గు మూడు నుండి ఎనిమిది వారాల వరకు ఉండి, తనంతట తానే తగ్గుతుంది. యాంటీబయాటిక్ మాత్రల వలన దీనికి ప్రయోజనం లేదు. గోరువెచ్చని నీరు, పడుకునే ముందు చెంచాడు తేనె కొంత ఉపశమనం కలిగిస్తాయి. అయితే ఏడాది నిండని శిశువులకు తేనె పెట్టరాదు.

వేరే కారణాలు కూడా ఉండవచ్చు. ముక్కు వెనుక నుండి చీమిడి గొంతులోకి జారితే పడుకున్నప్పుడు దగ్గు ఎక్కువవుతుంది. రాత్రివేళ, తెల్లవారుజామున పిల్లికూతలతో వచ్చే దగ్గు ఉబ్బసం కావచ్చు. రాత్రి షిఫ్టు ముగించి, తిన్న వెంటనే పడుకునేవారికి పులితేన్పులతో పాటు దగ్గు వస్తుంది. రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటి రక్తపోటు మాత్రలు కొందరికి పొడిదగ్గు తెప్పిస్తాయి. వాటిని సొంతంగా మానక, వైద్యునితో చెప్పి మార్పించుకోవాలి. తెరలు తెరలుగా వచ్చి వాంతితో ముగిసే దగ్గు కోరింత దగ్గు కావచ్చు. పసిపిల్లలకు అది ప్రమాదకరం.

వీటన్నిటికంటె ముందుగా తేల్చుకోవలసినది క్షయ. క్షయ అరుదైన దేశాల్లో దగ్గును ఎనిమిది వారాలు గమనిస్తూ ఉండవచ్చునేమో గాని, మన దేశంలో రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించాలన్నదే నియమం. సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, కఫంలో రక్తం కనిపిస్తే రెండు వారాలు కూడా ఆగరాదు. మధుమేహం ఉన్నవారికి క్షయ సోకే ప్రమాదం మరింత ఎక్కువ.

ఈ నియమం వెనుక తుమకూరు జిల్లా చరిత్ర ఉంది. బెంగళూరులో 1959లో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థకు చెందిన దేవబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ ఆ జిల్లాలోని క్షయ రోగులను కలిసి విచారించి, 1963లో ఫలితాలను ప్రచురించారు. పల్లెజనానికి రోగం పట్ల శ్రద్ధ లేదని అంతవరకు పలువురు తలచేవారు. విచారణలో తేలినది వేరు. రోగులలో అత్యధికులు తమ బాధను గుర్తించారు; సగానికి పైగా వైద్యం కోసం ప్రభుత్వ ఆసుపత్రులకు వెళ్ళారు. అక్కడ వారికి దక్కినది చాలావరకు ఒక సీసా దగ్గు మందు! తప్పు రోగిది కాదు, పరీక్షించకుండా పంపినవారిది. దగ్గుతో తానే ఆసుపత్రికి వచ్చినవారి కఫాన్ని పరీక్షించడం జాతీయ క్షయ కార్యక్రమానికి పునాది అయింది.

నేటికీ మందుల దుకాణంలో సీసా కొనుక్కొని వారాలు గడిపేవారు తక్కువేమీ కాదు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల ద్వారా కఫం పరీక్ష ఉచితంగా జరుగుతుంది. కన్నడం రాని పెద్దలు “ఎరడు వారదింద కెమ్ము” అంటే చాలు. రెండు వారాలుగా దగ్గు అని అర్థం. పరీక్షకు ఇవ్వవలసినది ఉమ్మి కాదు, గట్టిగా దగ్గగా లోతునుండి వచ్చిన కఫం.

క్షయ అని తేలితే మందులు ఉచితం. సాధారణ క్షయకు చికిత్స ఆరు నెలలు. పోషకాహారం కోసం నెలకు 500 రూపాయలుగా ఉన్న సహాయాన్ని 2024 నవంబరు నుండి 1,000 రూపాయలకు పెంచారు. వేరుశనగ కోతలకో పండుగకో ఊరికి వెళ్ళి అక్కడే ఉండిపోవలసివస్తే మందు ఆపనక్కరలేదు. బయలుదేరే ముందు ఇక్కడి కేంద్రంలో చెబితే, నిక్షయ్ సంఖ్య ఆధారంగా చికిత్సను పావగడకు మారుస్తారు.