మామిడి తోటలో వించి: రెండు రకాల గేర్‌బాక్సులు

నూజివీడు అనగానే ఎవరికైనా చిన్న రసాలు, బంగినపల్లి గుర్తుకొస్తాయి. కాని కాయ కోసినంత మాత్రాన రైతు చేతికి డబ్బు రాదు. ఆ కాయ తోటలోంచి రోడ్డెక్కాలి, అక్కణ్ణుంచి నున్న మార్కెట్టుకు చేరాలి. ఈ ప్రయాణంలో మొదటి అర మైలే కష్టం. ఏప్రిల్, మే నెలల్లో ఒక్క గాలివాన పడితే తోట బాట బురదైపోతుంది. లోడుతో ఉన్న వ్యాను చక్రాలు దిగబడి కూర్చుంటుంది. కోసిన కాయ మన కోసం ఆగదు గదా! అప్పుడు నలుగురూ కలిసి తోస్తారు, ట్రాక్టరు తెప్పిస్తారు, లేదా వించి ఉన్న జీపు కోసం కబురు పెడతారు.

ఆ వించిని ఇంజను బలంతో తిప్పేటప్పుడు, మామూలు గేర్‌బాక్సు ఉన్న బండికీ, ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న బండికీ తేడా ఏమిటన్నది ఈ వ్యాసంలో చూద్దాం. పైకి చిన్న విషయంలాగే కనిపిస్తుంది. కాని తెగిన వైరు రోపు మనిషి ప్రాణం తీయగలదు.

వించి పనిచేసే తీరు

వించి అంటే ఇనప తాడు చుట్టుకునే ఒక డ్రమ్ము. ట్రాక్టరు వెనక పి.టి.ఓ. షాఫ్టు అందరూ చూసిందే. పాత జీపులకు కూడా అటువంటి ఏర్పాటు ఉండేది. మన దేశంలో మహీంద్రా వారు 1947లో విల్లీస్ జీపులను కూర్చటం మొదలుపెట్టారు. ఆ తరహా బండ్లలో మెయిన్ గేర్‌బాక్సు వెనకనున్న ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి పి.టి.ఓ. తీసుకోవచ్చు. ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో పెడితే చక్రాలకు బలం పోదు. మెయిన్ గేరు వేస్తే షాఫ్టు తిరిగి, వించి లోపలి వర్ము గేరును తిప్పుతుంది. డ్రమ్ము నెమ్మదిగా, గట్టిగా లాగుతుంది. రివర్సు గేరు వేస్తే రోపు వదులవుతుంది.

మాన్యువల్ గేర్‌బాక్సుతో

ఇక్కడ డ్రైవరు ఎడమ కాలి కింద క్లచ్ ఉంది. రోపు ఎక్కడైనా ఇరుక్కున్నా, ఎవరైనా కేకేసినా, క్లచ్ తొక్కితే చాలు, ఇంజనుకూ వించికీ సంబంధం తెగిపోతుంది. ఇది మొదటి రక్షణ. రెండోది, బరువు మరీ ఎక్కువైతే ఇంజను గుర్రుగుర్రుమని ఆగిపోతుంది. డ్రైవర్లు దాన్ని విసుగ్గా చూస్తారు గాని, అది యంత్రం మనకిచ్చే హెచ్చరిక. "ఇక నా వల్ల కాదు, ఇంకో ఉపాయం చూడండి" అని చెప్పటమే అది.

మాన్యువల్‌కూ ఒక బలహీనత ఉంది. హాఫ్ క్లచ్ మీద లాగితే ప్లేటు కాలి వాసన వస్తుంది. అందుచేత రోపు బిగిసే వరకే క్లచ్‌తో సర్దుకుని, తర్వాత కాలు పూర్తిగా తీసేయాలి.

ఆటోమేటిక్‌తో

ఆటోమేటిక్‌లో క్లచ్ పెడలు లేదు. ఇంజనుకూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టరు ఉంటుంది. నూనె ప్రవాహంతో బలాన్ని అందించే ఈ విధానానికి జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంటు తీసుకున్నాడు. ఎదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి, ఒకదానికి కరెంటు ఇస్తే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. రెండో ఫ్యాన్ను చేత్తో ఆపినా మొదటిది ఆగదు. కన్వర్టరులో గాలికి బదులు నూనె. దానికి తోడు మధ్యలో స్టేటర్ అనే మరో చక్రం ఉండటం వల్ల, అవతలి వైపు ఆగి ఉన్నప్పుడు టార్క్ దాదాపు రెట్టింపు అవుతుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. బరువు ఎక్కువైనప్పుడు మాన్యువల్ ఇంజను ఆగిపోతుంది. ఆటోమేటిక్‌లో ఇంజను ఆగదు సరిగదా, లాగే బలం ఇంకా పెరుగుతుంది.

ఒక లెక్క చూద్దాం. ఇవి సులువు కోసం అనుకున్న అంకెలు. ఇంజను టార్క్ 15 కిలోగ్రాం-మీటర్లు, వర్ము గేరు నిష్పత్తి 40, వర్ములో రాపిడికి పోగా మిగిలేది నూటికి 40, డ్రమ్ము వ్యాసార్థం 6 సెంటీమీటర్లు. టాప్ గేరులో, అంటే 1:1 నిష్పత్తిలో, 15 × 40 × 0.4 = 240 కిలోగ్రాం-మీటర్లు. దాన్ని 0.06 మీటర్లతో భాగిస్తే 4,000 కిలోలు, అంటే 4 టన్నుల లాగుడు. అదే ఆటోమేటిక్‌లో ఫస్ట్ గేరు నిష్పత్తి 2.5, కన్వర్టరు వల్ల మరో 2 రెట్లు అనుకుంటే, మొత్తం 5 రెట్లు. కాగితం మీద 20 టన్నులు! మన రోపు 5 టన్నులకే తెగేదైతే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మాన్యువల్‌లో కూడా ఫస్ట్ గేరు వేస్తే బలం హద్దు దాటుతుంది. అందుకే షాఫ్టుకు షియర్ పిన్ను పెడతారు. హద్దు మీరగానే అది విరిగి, రోపునూ మనుషులనూ కాపాడుతుంది. ఆ పిన్ను విరిగిందని దాని స్థానంలో గట్టి బోల్టో, మేకో కొట్టడం మన దగ్గర ఉన్న అలవాటు. ఫ్యూజు పోతే లావు తీగ చుట్టడం లాంటిదే ఇది. ఆటోమేటిక్ బండిలో ఇది మరీ ప్రమాదం. ఎందుకంటే ఇంజను ఆగి హెచ్చరించడమన్నది అక్కడ లేదు, ఉన్న హెచ్చరికల్లా ఆ పిన్నే.

ఆటోమేటిక్‌లో గుర్తుంచుకోవలసినవి మరి నాలుగు:

1. ఇంజను ఐడిల్‌లో ఉన్నా సరే, లివర్ డి.లోకి రాగానే డ్రమ్ము మెల్లగా తిరగటం మొదలుపెడుతుంది. కొక్కెం తగిలించే మనిషి చెయ్యి దూరంగా తీశాకే గేరు వేయాలి.

2. ఆపాలంటే లివర్‌ను న్యూట్రల్‌కు తేవాలి. డ్రైవరు చెయ్యి లివర్ మీదే ఉండాలి. ఆ సమయంలో బీడీ ముట్టించుకోవటం, పక్కవాడితో కబుర్లు కూడదు.

3. ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో ఉన్నప్పుడు 'పి' వేసినా చక్రాలు బిగుసుకోవు. హ్యాండ్‌బ్రేకు వేయాలి, చక్రాల కింద రాళ్లు పెట్టాలి.

4. బండి కదలకపోతే యాక్సిలరేటర్ తొక్కిపట్టి ఉంచకూడదు. ఇంజను శక్తి అంతా నూనెలో వేడిగా మారుతుంది. న్యూట్రల్‌లో పెట్టి చల్లబడనివ్వాలి. అదీగాక, బరువు తేలికైనప్పుడు గేరు తనంతట తానే మారి డ్రమ్ము వేగం పెరగవచ్చు. అందుచేత తయారీదారు పుస్తకంలో చెప్పిన ఒక్క గేరులోనే లివర్‌ను నిలపడం మంచిది.

తోటలో పని

ఏ గేర్‌బాక్సుకైనా వర్తించేవి కొన్ని ఉన్నాయి. చక్రం సగం దాకా దిగబడ్డ బండిని లాగటానికి సుమారు దాని మొత్తం బరువంత బలం కావాలని ఒక మోటు లెక్క. 3 టన్నుల వ్యానును పైన చెప్పిన వించి లాగగలదు. 16 టన్నుల లారీని లాగలేదు. ముందు పెట్టెలు దించాలి, చక్రాల ముందు మట్టి తవ్వాలి. పారతో అరగంట పని వించికి సగం బరువు తగ్గిస్తుంది.

కప్పీ వాడితే బలం రెట్టింపు, వేగం సగం. అయితే ఆ కప్పీని చెట్టుకు కడితే చెట్టు మీద పడే బరువు కూడా రెట్టింపే. మామిడి చెట్టు మొదలుకు గొలుసు నేరుగా చుట్టకండి. బెరడు చుట్టూ తెగితే చెట్టు చచ్చిపోతుంది. గోనెసంచులు మడిచి వేసి, వెడల్పాటి పట్టీతో నేలకు దగ్గరగా కట్టాలి. ఒక లోడు కోసం ముప్పయ్యేళ్ల చెట్టును పోగొట్టుకోవటం ఏ రైతుకూ లాభం కాదు.

రోపు మీద తడి గోనెసంచి వేస్తే, తెగినప్పుడు దాని విసురు కొంత తగ్గుతుంది. డ్రమ్ము మీద కనీసం అయిదు చుట్లు మిగల్చాలి. కదిలే రోపును చేత్తో తాకరాదు, దాటరాదు. చూడవచ్చిన పిల్లలను రోపు పొడవుకు మించిన దూరంలో నిలబెట్టాలి.

ఇప్పటి సంగతి

2020లో వచ్చిన థార్ వంటి జీపులు ఆటోమేటిక్‌లోనూ దొరుకుతున్నాయి. వాటికి బిగించేది సాధారణంగా బ్యాటరీతో నడిచే వించి. దానికి గేర్‌బాక్సుతో పని లేదు. ఇంజను నడుస్తూ బ్యాటరీకి చార్జి ఇస్తే చాలు. కాని పాత జీపులు, సైన్యం అమ్మేసిన బండ్లు ఇంకా పనిలో ఉన్నాయి. వాటిని బాగుచేసేవారు ఇంజనూ గేర్‌బాక్సూ మారుస్తూనే ఉంటారు. మార్చినప్పుడు పోయేది క్లచ్ పెడలు ఒక్కటే కాదు. దానితోపాటు ఒక రక్షణ, ఒక హెచ్చరిక కూడా పోతాయి. వాటికి బదులుగా సరైన పిన్ను, సరైన రోపు, లివర్ మీద మెలకువగా ఉన్న చెయ్యి పెట్టుకోవాలి.

తరగతిలో నేర్చుకునే టార్క్ సూత్రం పరీక్షలో మార్కుల కోసమే కాదు. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు తోటలో బండి దిగబడితే, రోపు బిగించే ముందు ఈ లెక్క ఒక్కసారి వేసి చూడండి. ఆ పిన్ను స్థానంలో ఏముందో వంగి చూడండి. మేకు కనిపిస్తే, అది మార్చే దాకా వించి తిప్పనివ్వకండి.