రాళ్లు గుచ్చుకోవడం లేదన్నావు

తిరువణ్ణామలై,
మంగళవారం, తెల్లవారుజాము.

చిరంజీవి చిన్నాకి,

మాల వేసుకున్నవాణ్ని పేరు పెట్టి పిలవకూడదు, స్వామీ అనాలి. ఎదురుపడితే అలాగే అంటాను, కాళ్లకి దణ్ణం కూడా పెడతాను. కానీ ఈ ఉత్తరం స్వామికి కాదు, నా మేనల్లుడికి. అయ్యప్ప మన్నిస్తాడు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. చదివి పక్కన పెట్టి అన్నం వడ్డించుకున్నాను. ముద్ద దిగలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ అదే చోట చదివాను. "మొదటి పది రోజులూ రాళ్లు తెగ గుచ్చుకున్నాయి అత్తా, ఇప్పుడు దేనిమీద నడిచినా తెలియడం లేదు, అంతా స్వామి దయ" అని రాశావు. శబరిమల నుంచి తిరిగొస్తూ ఇక్కడ దిగి, పున్నమినాడు గిరిప్రదక్షిణ కూడా వట్టి కాళ్లతోనే చేస్తానన్నావు. దీక్ష మొదలైన దగ్గర్నుంచీ షుగరు మాత్రలు ఆపేశావని కోడలమ్మాయి ఫోనులో చెప్పింది. తను నీమీద చాడీలు చెప్పలేదు. నేను గుచ్చి గుచ్చి అడిగితే ఏడ్చేసింది. తనని ఒక్క మాట అనకు.

నాన్నా, రాళ్లు గుచ్చుకోవడం లేదని నువ్వు సంబరపడుతుంటే నాకు రాత్రి నిద్ర పట్టలేదురా.

మీ నాన్న సంగతి ఇప్పుడు ఎత్తను. నీకు తెలియనిదేముంది? ఆ ఆసుపత్రి మంచం పక్కన నాకంటే ఎక్కువ రాత్రులు కూర్చున్నది నువ్వే. కానీ అంతకు ముందు ఇక్కడ, నా ఇంట్లో జరిగింది ఒకటుంది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

2011లో కార్తీక దీపానికి మీ నాన్నని రమ్మని పోరింది నేనే. కొత్తగా కొన్న చెప్పులు వేసుకుని బయల్దేరబోతుంటే, "చెప్పులతో కొండ చుట్టూ తిరిగితే ఏం పుణ్యంరా" అని విప్పించిందీ నేనే. రాత్రి బయల్దేరాం. పధ్నాలుగు కిలోమీటర్లు. ఇంద్రలింగం దగ్గర్నుంచి ఈశాన్యలింగం దాకా ఎనిమిది చోట్లా ఆగి, దణ్ణం పెట్టుకుని, తెల్లవారేసరికి ఇల్లు చేరాం. వాడెంత సంతోషంగా ఉన్నాడో! నేను కాఫీ కలిపి వాడి చేతికిచ్చి వచ్చి చూస్తే, తెల్లటి గచ్చు మీద గడప దగ్గర్నుంచి కుర్చీ దాకా అడుగు విడిచి అడుగు ఎర్రటి ముద్రలు. దోవలో ఎక్కడో కుంకం తొక్కాడనుకున్నాను. తడిగుడ్డ తెచ్చి తుడిచాను కూడా. రెండో ముద్ర తుడుస్తుంటే గుడ్డ జిగటగా లాగింది. తలెత్తి చూశాను. కాలు మీద కాలేసుకుని కాఫీ తాగుతున్నాడు. అరికాలులో, మడమకి కాస్త ముందు, సీసాపెంకు సగం దిగి ఉంది. ఏమిట్రా ఇది అన్నాను. వంగి చూసుకుని, "అరె, ఎప్పుడు గుచ్చుకుందో!" అని నవ్వాడు.

అది ఎన్ని కిలోమీటర్ల కిందట గుచ్చుకుందో మా ఇద్దరికీ తెలియదు. దాంతోనే నడిచాడు. దాంతోనే వంగి లింగాలకి మొక్కాడు. ఆ క్షణాన నేనేమనుకున్నానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఎంత భక్తి వీడిది, గాజుపెంకు కూడా తెలియలేదు అనుకున్నాను. పసుపు అద్ది కట్టు కట్టాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు. అయిదు రోజులకి రైలెక్కించాను. ఆ తర్వాతదంతా నీకు తెలుసు.

నీ ఉత్తరంలో "తెలియడం లేదు" అన్న చోట నాకు ఆ నవ్వే వినిపించింది.

పాదం తీసేయడానికి ముందు ఒక డాక్టరు మీ నాన్నని కళ్లు మూసుకోమని, నైలాను దారం లాంటిది ఒకటి అరికాలు మీద అక్కడా ఇక్కడా ఆనించి, తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. దారం ఆనడం, అది కొద్దిగా వంగడం నాకు కనిపిస్తూనే ఉంది. ఒకటి, రెండు, మూడు... పది చోట్లు అయిపోయాయి. అప్పుడు మీ నాన్న, కళ్లు మూసుకునే, "ఎప్పుడు మొదలుపెడతారండీ?" అని అడిగాడు.

చిన్నప్పుడు వాడి కాళ్లంత సుకుమారమైన కాళ్లు మా ఇంట్లో ఇంకెవరికీ లేవు. ఎండాకాలం కొవ్వూరులో గోదారి వెనక్కి పోయేది. నీళ్ల దాకా వెళ్లాలంటే ఇసకలో చాలా దూరం నడవాలి. నేను బిందెతో ముందు, వాడు చెంబుతో వెనకాల. "కాళ్లు కాలిపోతున్నాయే అక్కా" అని గెంతేవాడు. చివరికి వాడే ఒక ఉపాయం కనిపెట్టాడు. బాదమాకులు రెండేసి కలిపి, అరటినారతో పాదాలకి కట్టుకునేవాడు. నాలుగు అడుగులకి ఒకటి ఊడిపోయేది. మళ్లీ కట్టుకునేవాడు. 1967 పుష్కరాలకి మా నాన్న మమ్మల్ని లాంచీలో రాజమండ్రి తీసుకెళ్లి నాకు చెప్పులు కొనిపెట్టారు, నా మొదటి చెప్పులు. అప్పుడు నాకు పదహారేళ్లు. వాటిని ఆ రోజే రేవులో పోగొట్టుకున్నాను. స్నానం చేసి వచ్చేసరికి లేవు. ఇంటికి వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. వాడు నా పక్కన కూచుని, "పోనీలే అక్కా, నా బాదమాకులు నీకిస్తా" అన్నాడు. ఇదంతా ఎందుకు రాస్తున్నానో నాకే తెలియడం లేదు. కొవ్వూరు ఇసక మీద గెంతిన ఆ కాళ్లే కదా ఇక్కడ గాజుపెంకుని గుర్తుపట్టలేకపోయాయి.

నీ కాళ్లూ అలాంటివే. పెళ్లికొడుకుని చేసిన రోజు నీ పాదాలకి పారాణి పెట్టింది నేను. పుల్ల తగలగానే గిలిగింతలని కాలు లాగేసుకున్నావు. నా పట్టుచీర మీద ఇంకా ఆ మరక ఉంది. ఉతికించలేదు.

ఇప్పుడు కాస్త ఓపిగ్గా విను. స్కూల్లో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం చెప్పినదాన్ని. వెన్ను నుంచి బయల్దేరే నరాల్లో అన్నిటికంటే పొడుగైనవి పాదాలకి వెళ్లేవి. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ముందు వాటి కొసలు దెబ్బతింటాయి. మొదట తిమ్మిర్లు, రాత్రిళ్లు అరికాళ్ల మంటలు. ఆ తర్వాత దూది మీద నడుస్తున్నట్టు. ఆ తర్వాత ఏమీ ఉండదు. సంక్రాంతికి వచ్చినప్పుడు అరికాళ్లు మండుతున్నాయని తడిగుడ్డ చుట్టుకుని పడుకున్నావు, గుర్తుందా? ఇప్పుడు మంట పోయిందంటున్నావు. మంట తగ్గడానికి చక్కెర అదుపులోకి రావడం ఒక కారణం. నరం చచ్చుబడటం ఇంకో కారణం. మాత్రలు మానేసినవాడికి ఈ రెంటిలో ఏదై ఉంటుందో నువ్వే చెప్పు. వట్టి కాళ్లతో నడిచి నడిచి ఆనెలు కట్టి కూడా తెలియకపోవచ్చు. నీ విషయంలో అదే కావాలని ఇందాక కొండకి మొక్కుకున్నాను. కానీ షుగరున్నవాడికి ఆనె కూడా మంచిది కాదు. దాని కింద పుండు దాక్కుంటుంది. పైకి రాయిలా ఉంటుంది, లోపల చీము పడుతుంది.

మన దేశంలో పది కోట్ల మందికి పైగా షుగరుందని 2023లో లెక్క తేల్చారు. అందులో ఎంతమంది గుళ్లకి వెళ్తారో, మాలలు వేసుకుంటారో ఆలోచించు. ఇక్కడ అరుణాచలేశ్వరుడి గుళ్లో వైశాఖంలో మిట్టమధ్యాహ్నం ఆ రాతి బండల మీద అడుగు పెడితే మామూలువాళ్లు పరుగెడతారు. పరుగెత్తని వాళ్లని చూస్తే నాకు గుండె దడ. ఆగి, కాలు చూపించమ్మా అని అడుగుతాను. ఒకావిడ కోప్పడింది. ఇంకొకావిడ చూపించింది. అరికాలంతా బొబ్బలు.

భగవాన్ రమణులు వట్టి కాళ్లతోనే తిరిగారు కదా అంటావు. 1896లో ఆయన ఈ ఊరు వచ్చి పాతాళలింగం దగ్గర చీకట్లో కూర్చున్నప్పుడు తొడలని పురుగులు తొలిచినా తెలియలేదు కదా అంటావు. మీ నాన్న విషయంలో నేను తెచ్చుకున్న సాకూ అదే. ఆ కథ చివరిదాకా చదువు నాన్నా. చూసినవాళ్లు ఆ పిల్లవాణ్ని అక్కడ వదిలేసి వెళ్లలేదు, ఎత్తుకుని బయటికి తెచ్చారు. చివర్లో భగవాన్‌కి ఎడమచేతి మీద గడ్డ లేచినప్పుడు 1949 ఒక్క సంవత్సరంలో నాలుగుసార్లు కోశారు. కోసిన ప్రతిసారీ ఆయన చెయ్యి చాచారు. అల్లోపతీ, ఆయుర్వేదం, హోమియో, ఎవరేమిచ్చినా కాదనలేదు. నేను దేహం కాను అని ఆయన కంటే గట్టిగా చెప్పినవాళ్లు లేరు. ఆ దేహం దగ్గరికి వచ్చిన డాక్టర్ని మాత్రం ఆయన వెనక్కి పంపలేదు.

దేహాన్ని పట్టించుకోకపోవడం వైరాగ్యం అయితే కావచ్చు, ఆ లోతు నాకు తెలియదు. కాలికి తెలియకపోవడం మాత్రం జబ్బేరా. రెంటినీ కలిపేసి నేను మీ నాన్నని పోగొట్టుకున్నాను.

ఇప్పటికీ వారానికి రెండుసార్లు కొండ చుట్టూ నడుస్తాను. చెప్పులతో. ఎంసీఆర్ చెప్పులని మెత్తటి అట్టతో, వెనక పట్టీతో ఉంటాయి, అవి. ప్రతి లింగం దగ్గరా విప్పి, లోపలికి వెళ్లి, వచ్చి, తొడుక్కునే ముందు లోపల రాయేమైనా ఉందేమో చేత్తో తడిమి చూసుకుంటాను. నాకు షుగరు లేదు, అయినా. దోవలో చూసేవాళ్లు చూస్తారు. "పెద్దావిడ, చెప్పులతో ప్రదక్షిణా" అంటారు. ఒకప్పుడు ఆ మాట అన్నది నేనే కాబట్టి నాకు వాళ్లమీద కోపం రాదు.

నేను మాల తీసేయమనడం లేదు. నువ్వు తెల్లవారుజామున లేచి చన్నీళ్లు పోసుకుని పూజ చేస్తున్నావంటే, సిగరెట్టు ముట్టడం లేదంటే, పది మంది స్వాములకి భిక్ష పెట్టావంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మీ నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడో. కానీ ఇవాళే మీ గురుస్వామి దగ్గరికి వెళ్లి కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పు. చెప్పులకి ఒప్పుకుంటాడు. ఒప్పుకోకపోతే నాకు ఫోను చెయ్యి, నేను మాట్లాడతాను. మాత్రలు నీ అంతట నువ్వు మళ్లీ మొదలుపెట్టవద్దు, మీ డాక్టరుతో పగలు ఒక్కపూటే భోజనమని, రాత్రి ఫలహారమని చెప్పి, ఏది ఎప్పుడు వేసుకోవాలో రాయించుకో. కొన్ని మాత్రలు తిండి లేకుండా వేసుకుంటే చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కొండ ఎక్కేటప్పుడు అది ఇంకా ప్రమాదం. ఎరుమేలి నుంచి అడవిదారి వద్దు. పంపా నుంచి నీలిమల ఎక్కడమే నీకు చాలు. నీతో ఇరుముడి మోసే స్వాముల్లో ఒకరికైనా నీకు షుగరుందని తెలిసి ఉండాలి. జేబులో గ్లూకోజు పొట్లం పెట్టుకో. సిగ్గుపడకు.

రాత్రి పడుకునే ముందు నేల మీద అద్దం పెట్టి అరికాళ్లు చూసుకో. కొబ్బరినూనె రాసుకో, వేళ్ల సందుల్లో మాత్రం వద్దు. తెల్ల మేజోళ్లు వేసుకో. రక్తం అంటితే కనిపిస్తుంది. మేజోళ్లు అరడజను, ఇక్కడ కుట్టించిన చెప్పులు ఒక జత నిన్ననే పార్సిలు చేశాను. సైజు నీ పెళ్లినాటి బూట్లది, సరిపోతుందో లేదో. చలిమిడి కూడా పెట్టాను, అది నీకు కాదు, బుజ్జిదానికి.

ఇంకొక్క పని. ఈ ఉత్తరం చదవగానే మంచం మీద కాళ్లు చాపుకుని కళ్లు మూసుకో. బుజ్జిదాన్ని పిలిచి నీ బొటనవేలి కొస మీద, మధ్యవేలి కొస మీద, చిటికెనవేలి కొస మీద తన వేలు ఊరికే ఆనించమను. నొక్కకూడదు, గోకకూడదు, ఒక్క క్షణం అలా ఆనిస్తే చాలు. రెండు కాళ్లకీ కలిపి ఆరు. ఏ వేలు, ఏ కాలు అని నువ్వు చెప్పాలి. అమ్మాయి పక్కన నిలబడి లెక్కపెడుతుంది, నువ్వు కళ్లు తెరిచి దొంగచూపులు చూడకుండా. రెండు తెలియకపోయినా సరే, ఆ సాయంత్రమే డాక్టరు దగ్గర ఉండాలి.

ఆరింటిలో ఎన్ని తెలిశాయో రాయి. అంకె ఒక్కటి రాసినా చాలు.

ఇట్లు,
మీ అత్త.