ఐదు రూపాయల అన్నము – దాసోహ ధర్మము

శరణ మార్గమునకు కాయకము, దాసోహము రెండు కన్నులు. కాయకమనగా దేహమును శ్రమింపజేసి సత్యముగా ఆర్జించుట. దాసోహమనగా అట్లు ఆర్జించినదానిని దాసభావముతో సంఘమునకు సమర్పించుట. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమందు బసవేశ్వరుడు ఆచరించి చూపిన ఈ ధర్మము నేటి జీవనమునకు ఎట్లు అన్వయించునో తెలియుటకు దూరము పోనక్కరలేదు. హైదరాబాదులో నాంపల్లి స్టేషను నుండి ఆబిడ్స్ వరకు నడిచిన చాలును.

నాంపల్లి రైల్వే స్టేషను 1907లో ఏర్పడినది. పొట్ట చేతబట్టుకొని నగరమునకు వచ్చువారికి నాటినుండి అది యొక ద్వారము. తెల్లవారకముందే వీధులూడ్చు స్త్రీలు, మూటలు మోయు హమాలీలు, ఆటోవారు, బండిమీద ఇడ్లీలమ్మువారు అచ్చట పనిలో నుందురు. ఆబిడ్స్ అను పేరు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిడ్ అను ఆర్మేనీయుని దుకాణమువలన వచ్చినది. దుకాణదారుని పేరు నిలిచినది. ఆ వీధిలోనే కాలిబాటపై ఎండలో కూర్చుండి అమ్ముకొనువారి పేర్లు అడుగువారు లేరు. ఆదివారము దుకాణములు మూయగా అదే కాలిబాట పాత పుస్తకముల అంగడి యగును. క్రొత్త పుస్తకము కొనజాలని విద్యార్థికి అదియే ఆధారము. ఒక పేదవాని కాయకము మరియొక పేదవాని చదువునకు తోడగుట ఇచ్చట ప్రత్యక్షముగా కానవచ్చును.

సరాయి వద్ద పళ్లెము

బాటసారుల కొరకు నిజాముల కాలమున కట్టబడిన నాంపల్లి సరాయి వద్ద 2014 మార్చిలో నగరపాలక సంస్థ ఐదు రూపాయల భోజన పథకమును ప్రారంభించినది. అన్నము, పప్పు లేక సాంబారు, కూర, పచ్చడి – ఇదియే ఆ పళ్లెము. దాని నిజమైన ఖర్చు ఐదు రూపాయలకు అనేక రెట్లుండును. మిగిలినది నగరపాలక సంస్థ భరించును. ఒకచోట మొదలైన ఈ పథకము నగరమంతట వ్యాపించి, 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లను పేరు పొందినది.

ఆ వరుసలో హమాలీ యుండును, ఆసుపత్రిలో రోగికి తోడువచ్చిన పల్లెటూరి తల్లి యుండును, ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువకుడుండును. కులమడుగువారు లేరు, పంక్తిభేదము లేదు. ఇందు గమనింపవలసిన విషయమొకటి కలదు. ఐదు రూపాయలు చిన్న మొత్తమే యైనను, అది ఇచ్చినవాడు చేయిచాచినవాడు కాడు. తన కష్టార్జితముతో తినుచున్నాననెడి గౌరవము వానికి మిగులును.

అయినను ఒక ప్రశ్న నిలుచును. దినమంతయు మూటలు మోసినవానికి స్వంత సంపాదనతో కడుపునిండ తిను స్థితి యేల లేకపోయెను? అన్నము పెట్టుట ఆకలిని తీర్చును. కాయకమునకు తగిన ప్రతిఫలము లేకుండుట అను మూలరోగము అట్లే యుండును.

మారయ్య లక్కమ్మల పాఠము

శరణులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు ప్రసిద్ధులు. కన్నడమున ఆయ్దక్కి యనగా ఏరుకొన్న బియ్యము. బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యమును ఏరి తెచ్చి, వండి, శరణులకు పెట్టి తాము తినుట వారి కాయకము. ఒకనాడు మారయ్య నిత్యముకన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ అది ఆశయని మందలించి, మిగులుబియ్యము తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. ఏరుకొని జీవించు పేదరాలు చూపిన ఈ నియమము, కూడబెట్టువారికే ఎక్కువగా వర్తించును. అవసరమునకు మించినది ఒకచోట చేరుటవలననే మరియొకచోట పళ్లెము ఖాళీ యగుచున్నది.

చట్టమిచ్చిన అండ

సరాయి వద్ద భోజనము మొదలైన 2014 మార్చిలోనే వీధి వ్యాపారుల రక్షణ చట్టము కూడ ఆమోదము పొంది, మే 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము సర్వే ముగిసి ధ్రువపత్రములిచ్చువరకు వీధి వ్యాపారులను తొలగింపరాదు. తొలగింపవలసివచ్చినను ముప్పది దినముల నోటీసు ఇయ్యవలెను. పట్టుకొన్న సరుకులో చెడిపోవు వస్తువులను, అడిగిన దినముననే, ఇతర వస్తువులను రెండు పనిదినములలో తిరిగి ఇయ్యవలెను. పట్టణ వ్యాపార సంఘమున నూటికి నలుబదిమంది సభ్యులు వీధి వ్యాపారులే యుండవలెను. పండ్ల బండివానికి ఈ సంగతి చదివి చెప్పుటయు నొక దాసోహమే. చదువుకొన్న యువకులు, మఠముల విద్యార్థులు ఈ పనికి పూనుకొనవచ్చును.

గృహమున ఆచరణ

అసమానత వీధిలోనే కలదనుకొనుట పొరపాటు. పెద్ద దుకాణములో ముద్రించిన ధర మారుమాటాడక చెల్లించు గృహస్థుడు, కాలిబాటపై పది రూపాయల కొరకు వృద్ధురాలితో బేరమాడును. ఇంటిపనికి వచ్చు స్త్రీకి కిటికీపైన వేరు గ్లాసు ఉంచు ఇండ్లు నేటికిని కలవు. ఆమె జ్వరముతో రెండు దినములు రానిచో జీతము కోయుదురు.

కల్యాణమున చర్మకారుడైన హరళయ్య కుమారునికి, బ్రాహ్మణుడైన మధువరసు కుమార్తెకు వివాహము జరిగెననియు, అందులకై ఆ తండ్రులిరువురు ప్రాణములర్పించిరనియు శరణ చరిత్రలు చెప్పుచున్నవి. బసవ జయంతినాడు ఆ కథ విని కన్నీరు పెట్టుకొనువారి యింట వేరు గ్లాసు ఉండుట ఎట్లు పొసగును? ఆ గ్లాసు తొలగించుటకు ప్రభుత్వము రానక్కరలేదు, ధనము అక్కరలేదు. ఇంటి యజమానురాలు ఒక ఉదయమున నిశ్చయించుకొన్న చాలును.

మఠములలో అన్నదాసోహము అనాదిగా జరుగుచున్నది. అది మరింత సార్థకము కావలెనన్న, వండిన పాత్రలు తోమువారు, మఠాంగణము ఊడ్చువారు అదే పంక్తిలో కూర్చుండి భుజింపవలెను. వారికి వేతనము నెల మొదటనే ముట్టవలెను. కాయకమునకు గౌరవము, కాయకము చేయువానికి సమస్థానము లభించిన దినముననే దాసోహము పూర్ణమగును.

మననము చేయవలసినవి

1. ఐదు రూపాయలు చెల్లించి తినుటకును, ఉచితముగా తినుటకును గల భేదమేమి?
2. మిగులుబియ్యమును లక్కమ్మ ఏల తిరిగి పంపెను? నేటి గృహమున మిగులుబియ్యము ఏది?
3. ఇంట పనిచేయువారి పేర్లు, వారి పిల్లల చదువు ఆ ఇంటి బాలబాలికలకు తెలియునా?