బాయి దిగకముందే దీపం చూసుకోవాలి: బ్రిటన్‌లో ప్రీపేమెంట్ మీటరు

గోదావరిఖని బొగ్గుగనుల కంపెనీ క్వార్టర్లలో పెరిగినవాళ్లకు కరెంటు బిల్లు సంగతి పెద్దగా తెలియదు. క్వార్టరు కంపెనీది, కరెంటూ కంపెనీదే. అందుకే బ్రిటన్‌లో అద్దె ఇంట్లో దిగిన నాలుగో రాత్రి, అన్నం సగం ఉడికి ఇల్లంతా చీకటైతే ఫ్యూజు పోయిందనుకున్నాను. పోయింది ఫ్యూజు కాదు, మీటరులో డబ్బు. ముందు డబ్బు వేస్తేనే కరెంటు ఇచ్చే ప్రీపేమెంట్ మీటరు అది. ఖని నుంచి చదువుకో, ఉద్యోగానికో వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అలాంటి రాత్రి రాకూడదని ఇది రాస్తున్నాను.

తాళం చేతికొచ్చిన రోజే

మీటరు ఎక్కడుందో ఇంటి ఓనరును అడగండి. మెట్ల కింద అల్మారాలోనో, బయట గోడకున్న పెట్టెలోనో ఉంటుంది. అంకెలు ఫొటో తీసుకోండి. ఆ ఇంటికి సప్లై ఇచ్చేది ఎవరో కనుక్కుని, ఏ తేదీన దిగారో చెప్పి మీ పేరుతో అకౌంటు తెరవండి.

పాతరకం మీటరైతే కరెంటుకు ప్లాస్టిక్ కీ, గ్యాసుకు కార్డు ఉంటాయి. ముందున్నవాళ్లు వదిలిన కీలో డబ్బు వేయకండి. వాళ్ల బాకీ మీటరులో ఉంటే మీ డబ్బులోంచే వారం వారం కోసుకుంటుంది. నాకు జరిగింది అదే. మీరు రాకముందరి బాకీ మీది కాదు. కొత్త కీ అడగండి, మీటరులో పాత బాకీ తీసేయమనండి.

డబ్బు వేయడం

పేపాయింట్ లేదా పేజోన్ బోర్డున్న దుకాణంలో కీ ఇచ్చి డబ్బు కట్టాలి. ఇంటికొచ్చి దాన్ని మీటరులో పెడితేనే డబ్బు ఎక్కుతుంది. అది ఎక్కేదాకా రసీదు పారేయొద్దు. స్మార్ట్ మీటరైతే ఫోన్‌లో యాప్ నుంచే వేయొచ్చు.

వాడకపోయినా పోయే డబ్బు

స్టాండింగ్ చార్జి అనే స్థిర రుసుమును మీటరు రోజూ కోసుకుంటుంది, మీరు నెలరోజులు ఊరికెళ్లినా సరే. ఎండాకాలం హీటింగ్ ఆపి గ్యాసు మీటరును మరిచిపోతే ఆ చార్జి బాకీగా పేరుకుంటుంది. మొదటి చలిరాత్రి 10 పౌండ్లు వేస్తే ముందు ఆ బాకీకే పోతాయి. కాబట్టి వేసవిలోనూ గ్యాసులో కొంత ఉంచండి.

యూనిట్ లెక్క ఇక్కడా మనదే. 2 కిలోవాట్ల హీటరు గంట నడిస్తే 2 యూనిట్లు. 9 కిలోవాట్ల ఎలక్ట్రిక్ షవర్ కింద పది నిమిషాలుంటే ఒకటిన్నర యూనిట్. నలుగురుండే ఇంట్లో స్నానాలకే రోజుకు 6 యూనిట్లు. యూనిట్ ధరకు ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థ పరిమితి పెడుతుంది, మూడు నెలలకోసారి మారుస్తుంది.

అయిపోతే

మీటరులో ఎమర్జెన్సీ క్రెడిట్ ఉంటుంది. అది అప్పు, తర్వాత వేసే డబ్బులోంచి పట్టుకుంటారు. రాత్రిళ్లు, వారాంతాల్లో డబ్బు అయిపోయినా చాలా కంపెనీలు సప్లై ఆపవు. అదీ అప్పే. చేతిలో డబ్బు లేకపోతే సిగ్గుపడకుండా కంపెనీకి ఫోన్ చేయండి, సిటిజన్స్ అడ్వైస్ వాళ్లు ఉచితంగా సలహా ఇస్తారు. ఇంట్లో పసిపిల్లలు, పెద్దవాళ్లు, జబ్బు మనుషులు ఉంటే ప్రయారిటీ సర్వీసెస్ రిజిస్టర్ అనే అదనపు సాయం జాబితాలో పేరు రాయించండి. రెండేళ్లలోపు బిడ్డ ఉన్న ఇంట్లో బాకీ కోసం బలవంతంగా ఈ మీటరు పెట్టకూడదని 2023 నవంబరు నుంచి నిబంధన ఉంది.

గ్యాసు ఆగి మళ్లీ వచ్చేముందు స్టవ్ నాబ్‌లన్నీ కట్టేయండి. వాసన వస్తే కిటికీలు తెరిచి, బయటికొచ్చి 0800 111 999కు చేయండి.

మా బాపు బొగ్గుబాయికి దిగే ప్రతి షిఫ్టుకూ ల్యాంప్ రూంలో క్యాప్ ల్యాంప్ తీసుకుని, అక్కడే వెలిగించి చూసేవాడు. లోపలికి పోయాక చూసి లాభం లేదనేవాడు. నేనూ ఆదివారం పొద్దున ఖనికి ఫోన్ చేసేముందు అల్మారా తెరిచి రెండు మీటర్లూ చూస్తాను. 10 పౌండ్లకు దిగితే అప్పుడే వేస్తాను.