పసిపిల్లల బడి: గోడల లోపల చూడవలసినవి

బడికి సాయం అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేవి గది, బెంచీలు, పుస్తకాలు, యూనిఫారం. ఇవన్నీ కావలసినవే. అయితే ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చదివే పిల్ల ఆ గదిలో భయం లేకుండా, ఆరోగ్యంగా, తోటివారితో సమానంగా కూర్చోగలుగుతోందా అన్నది వేరే ప్రశ్న. శిలాఫలకం మీద పేరు ఎక్కని ఖర్చులన్నీ ఈ ప్రశ్న కిందికే వస్తాయి. దాతలు వాటిని కూడా గమనించాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక బడి తగలబడి 94 మంది చిన్నారులు చనిపోయారు. వంటగదిలో పుట్టిన మంట ఆకుల పైకప్పుకు అంటుకుంది. ఇరుకు దారిలో పిల్లలు బయటపడలేకపోయారు. 2009లో సుప్రీంకోర్టు ప్రతి బడిలో మంటలార్పే పరికరాలు ఉండాలనీ, సిబ్బందికి వాటి వాడకం నేర్పాలనీ ఆదేశించింది. గోడకు సిలిండరు వేలాడితే చాలదు. దాన్ని గడువులోగా నింపించారా, మేడ మీది పిల్లలు దిగడానికి రెండో దారి ఉందా, ఉంటే దానికి తాళం వేసి ఉంచుతున్నారా అని అడగాలి.

మరుగుదొడ్డి మాట ఎత్తడానికి చాలామంది మొహమాటపడతారు. అది మురికిగా ఉంటే ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్లు తాగడం మానేస్తారు, మూత్రం ఆపుకుంటారు, జబ్బు పడతారు. కట్టించే దాత దొరుకుతాడు గానీ, రోజూ కడిగే ఆయాకు నెలనెలా జీతం ఇచ్చే దాత దొరకడం కష్టం. మా దృష్టిలో రెండో సాయమే పెద్దది.

వెనక బెంచీలో కూర్చుని 'మొద్దు' అనిపించుకునే పిల్లవాడికి తరచుగా కావలసింది ట్యూషను కాదు, కళ్లద్దాలు. చెవి కారే పిల్లకు పాఠం సగమే వినిపిస్తుంది. ఏడాదికొకసారి కళ్లు, చెవులు పరీక్ష చేయించడం పెద్ద ఖర్చు కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నేర్చుకోవడంలో ఇబ్బంది, ఆటిజం కూడా అందులో ఉన్నాయి. ర్యాంపు కట్టించే దాతలకు ఒక మాట: అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. అంతకంటే నిటారుగా కడితే అది ఫొటోకే పనికొస్తుంది.

మన పిల్లల్లో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగో ఇంగ్లీషో వింటారు. మొదటి నెలల్లో వాళ్ల మౌనాన్ని తెలివితక్కువతనంగా లెక్కగడితే ఆ ముద్ర ఏళ్లతరబడి పోదు. 2020 జాతీయ విద్యావిధానం వీలైనంతవరకు ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధన సాగాలంటోంది. అది కుదరని చోట, రెండు భాషలూ వచ్చిన టీచరమ్మ ఒక్కరున్నా ఒకటో తరగతి స్వరూపమే మారిపోతుంది.

ఇక దెబ్బల సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దీన్ని బెత్తానికి అనుమతిగా చదివేవాళ్లున్నారు. అది పొరపాటు, పిల్లవాణ్ణి గాయపరచిన వారిని శిక్షాస్మృతి వదలదు.

లైంగిక వేధింపుల విషయంలో 2012 పోక్సో చట్టం ఏ సంస్థకూ మినహాయింపు ఇవ్వలేదు. నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవారి నేరాన్ని సంస్థ బాధ్యుడు చెప్పకపోతే ఏడాది వరకు జైలు, జరిమానా. కమిటీలు సాధారణంగా భయపడేది పరువుకు. 'పిల్ల పేరు బయటికొస్తుంది, పెద్దలం కూర్చుని మాట్లాడుకుందాం' అంటారు. కానీ పిల్ల పేరు పత్రికల్లో రాకుండా ఆ చట్టమే కాపాడుతుంది. వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫారంలో రాకూడదు, పిల్ల ఇంట్లోనే మాట్లాడవచ్చు. పెద్దల రాజీ వల్ల కాపాడబడేది నేరం చేసినవాడే.

కాబట్టి ఈసారి మీరు సాయం చేస్తున్న బడికి వెళ్లినప్పుడు లెక్కల పుస్తకంతో పాటు గోడలు కూడా చూడండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు ఆఫీసు గదిలో కాక వరండాలో, తెలుగులోనూ ఉర్దూలోనూ, రెండో తరగతి పిల్ల చదవగలిగే ఎత్తులో రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే రాయించడానికి ఒక డబ్బా పెయింటు చాలు.