తుపాకితో ప్రయాణం

మన కాలేజీలో ఎన్.సి.సి. తీసుకున్న ప్రతివాడూ .22 రైఫిలు ఒక్కసారైనా భుజానికి ఆనించి వుంటాడు. టార్గెట్ మీద ఎన్ని తగిలాయో అందరం చెప్పుకుంటాం. కాని ఆ రైఫిలు పొద్దున రేంజికి ఎలా వచ్చింది, సాయంత్రం ఎక్కడికి పోయింది అని అడిగేవాళ్ళు తక్కువ. కోత్ లో లెక్కపెట్టి తీస్తారు, కాల్చిన తూటాల ఖాళీ తొడుగులతో సహా లెక్కపెట్టి మళ్ళీ లోపల పెడతారు. కొందరు దాన్ని చాదస్తమనుకుంటారు గాని, నాకైతే శిక్షణలో అసలైన పాఠం అదే అనిపిస్తుంది.

ఎన్.సి.సి. ఆయుధం ప్రభుత్వానిది, దాని బాధ్యత ప్రభుత్వానిది. సొంత తుపాకి సంగతి వేరు. 2012 లండన్ ఒలింపిక్సులో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లో కాంస్యం తెచ్చిన తర్వాత ఈ ఆట మీద మోజు పెరిగింది. అందుచేత తుపాకిని ఒకచోటి నుంచి ఇంకొకచోటికి ఎలా తీసుకుపోవాలో తెలుసుకోవడం మనకూ అవసరమే.

ముందు కాస్త ఫిజిక్సు. ద్రవ్యరాశిలో సగాన్ని వేగవర్గంతో గుణిస్తే గతిశక్తి. ఎయిర్ రైఫిలు గుండు అర గ్రాము, వేగం సెకనుకు 170 మీటర్లు అనుకుంటే శక్తి సుమారు 7 జౌళ్ళు. .22 తూటా గుండు 2.6 గ్రాములు, వేగం 330 మీటర్లు. లెక్క కడితే 140 జౌళ్ళు దాటుతుంది. అంటే ఇరవై రెట్లు! ఆ చిన్న గుండు మైలు దూరం పోయి కూడా మనిషికి హాని చేయగలదు. 2016 ఆయుధ నియమాలు గీత గీసిందీ ఈ శక్తి దగ్గరే. 20 జౌళ్ళు, 4.5 మిల్లీమీటర్లు మించని ఎయిర్ గన్నుకు లైసెన్సు అక్కర్లేదు. .22 అయితే తప్పనిసరి.

ఇప్పుడు మా ఇంటి విషయం. మాది నల్లమల అంచున మెట్ట వ్యవసాయం. కంది, వేరుశనగ వేస్తే సగం మాకు, సగం అడవి పందులకు. నాన్నకు పంట కాపలా కోసం ఇచ్చిన లైసెన్సు మీద మందు కూరే ఒంటిగొట్టం తుపాకి వుంది. 1959 ఆయుధ చట్టంలో ఇలాంటి తుపాకిని ప్రత్యేకంగా పేర్కొన్నారు. అది పందుల్ని చంపడానికి కాదు, 1972 వన్యప్రాణి చట్టం వేటను నిషేధించింది. ఆ మోతకు పందులు చెదిరిపోతాయి, అంతే.

పోయిన దసరా సెలవుల్లో లైసెన్సు రెన్యువలు గడువు దగ్గరపడింది. నాన్నకు జ్వరం. "ఒరే అబ్బాయ్, నేను కాయితం రాసిస్తా, తుపాకి తీసుకుని నువ్వు బస్సెక్కి పోరా" అన్నాడు. నాన్న మాటలో సగం న్యాయం వుంది. చట్టం 3వ సెక్షన్ ప్రకారం రిపేరుకో రెన్యువలుకో అయితే, యజమాని రాసిచ్చిన అధికారంతో లైసెన్సు లేని మనిషి కూడా తుపాకిని తీసుకుపోవచ్చు. కాని 9వ సెక్షన్ ఇంకొక మాట చెబుతుంది: 21 ఏళ్ళు నిండనివాడు తుపాకిని దగ్గర వుంచుకోకూడదు, మోయకూడదు. (1983 సవరణకు ముందు ఆ వయసు 16.) నియమాల ప్రకారం జరిగే శిక్షణ ఒక్కటే మినహాయింపు. నాకు 20. "నావల్ల కాదు నాన్నా, చిన్నాన్నని పంపుదాం" అన్నాను. "చదువుకున్నోడివి, నువ్వే భయపడితే ఎట్టరా?" అని నాన్న ముఖం మాడ్చుకున్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి చిన్నాన్నే వెళ్ళాడు.

పంపేముందు చేసిన పని చెబుతాను. జోడుగొట్టాల తుపాకిని మధ్యకు విరిస్తే లోపల తూటా వుందో లేదో కంటికి కనబడుతుంది. మందు కూరే తుపాకిలో అది కుదరదు. క్యాపు తీసేస్తే చాలనుకుంటారు. మందు మాత్రం లోపలే వుండిపోతుంది. దట్టించే కడ్డీని గొట్టంలోకి దింపి, మూతి దగ్గర గుర్తు పెట్టి, పైకి తీసి గొట్టం పక్కన ఆనించి కొలవాలి. అడుగుదాకా దిగితే ఖాళీ. నాలుగు వేళ్ళు తగ్గిందంటే లోపల మందూ గుండూ వున్నట్టే. ఇలా కొలిచేటప్పుడు ముందుగా క్యాపు తీసి వుండాలి, మూతికి ఎదురుగా మొహం గాని చెయ్యి గాని వుండకూడదు. దట్టించిన తుపాకిని బస్సులో కుదిపితే ఇంకొక ప్రమాదం. గుండు ముందుకు జరిగి మందుకూ దానికీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. తర్వాత పేల్చినప్పుడు గొట్టమే పగలవచ్చు.

దారి కూడా ముఖ్యమే. దోర్నాల నుంచి శ్రీశైలం పోయే రోడ్డు పులుల అభయారణ్యంలోంచి పోతుంది. వన్యప్రాణి చట్టం 31వ సెక్షన్ ప్రకారం ముందుగా రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగుపెట్టరాదు. చేతిలో లైసెన్సు వున్నా సరే! అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు వున్న లైసెన్సుదారులు అటవీశాఖ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలని కూడా వుంది. మా వూళ్ళో ఈ సంగతి తెలిసినవాళ్ళని నేను వేళ్ళమీద లెక్కపెట్టగలను.

పోటీలకు పక్క రాష్ట్రం వెళ్ళేవాళ్ళు లైసెన్సు ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో ముందు చదువుకోవాలి. ఒక రాష్ట్రానికే పరిమితమైతే పొలిమేర దాటగానే అది చిత్తుకాయితం. పోలీసు అడిగితే లైసెన్సు చూపాలి. అనుమానం కలిగితే రైల్వే ఉద్యోగి కూడా పట్టుకోవచ్చునని చట్టంలో వుంది. రైలుపెట్టెలోకి తుపాకి మందు తీసుకుపోవడం నేరం. విమానంలో తుపాకి క్యాబిన్ లోకి రాదు. ఖాళీ చేసి, తాళం పెట్టెలో పెట్టి, ముందే చెప్పి చెక్-ఇన్ సామానులో వెయ్యాలి. తూటాలు విడిగా, గట్టి పెట్టెలో, మొత్తం 5 కిలోలు మించకుండా వుండాలి.

మన కాలేజీకి సంబంధించినది ఇంకొకటి. లైసెన్సు షరతుల్లో తిరునాళ్ళు, మత ఊరేగింపులు, సభలతోపాటు విద్యాసంస్థల ఆవరణ కూడా వుంది. కనుక పోటీకి పోతూ దారిలో ఒక రాత్రి హాస్టల్లో స్నేహితుడి మంచం కింద తుపాకి పెట్టుకుందామంటే కుదరదు. బస ఎక్కడో బయలుదేరకముందే చూసుకోవాలి.

చిన్నాన్న సాయంత్రం బస్సుకే తిరిగి వచ్చాడు. గోతాంలో చుట్టిన తుపాకి, జేబులో నాన్న రాసిచ్చిన కాయితం, దాని మీద టీ మరక. నాన్న తుపాకి అందుకుని, ఒక్కమాటా అనకుండా, గొట్టంలోకి కడ్డీ దింపి కొలిచి చూశాడు.